ఖరాబు అంటే ఖాళీ కాదు

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ బెంగళూరు ఎడిషన్లో దేవనహళ్ళి భూముల గురించి అరపేజీ కథనం వేశారు. మా అపార్ట్‌మెంట్లో కింది అంతస్తులో గుంటూరు కుర్రాడు ఒకడుంటాడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పొద్దున్నే పేపరు పట్టుకుని పైకొచ్చి, "అంకుల్, మీ ఊరు పడింది" అన్నాడు. మా ఆవిడ కాఫీ తెచ్చేలోపల కళ్ళజోడు వెతుక్కుని చదివాను. మొదటి పేరాలోనే మా చన్నరాయపట్నాన్ని తీసుకెళ్ళి హాసన్ జిల్లాలో పెట్టారు. రెండో పేరాలో, పారిశ్రామిక పార్కు కోసం ప్రభుత్వం తీసుకోబోయిన మా 13 ఊళ్ళ 1,777 ఎకరాలూ ఖరాబు భూములనీ, విమానాశ్రయం దగ్గర ఏళ్ళ తరబడి ఖాళీగా పడి ఉన్నాయనీ రాశారు.

"ఇది మా ఊరు కాదులే బాబూ, ఎక్కడో హాసన్ దగ్గర" అని పేపరు తిరిగిచ్చేశాను. కుర్రాడు నవ్వాడు. నాకు మాత్రం ఆ రోజు టిఫిన్ సహించలేదు.

నేను సర్వే శాఖలో ముప్పై అయిదేళ్ళు గొలుసు లాగి రిటైరైనవాణ్ణి. మాది ఆ చన్నరాయపట్నం హోబళిలోనే చిన్న ఊరు. ఇంట్లో తెలుగు, బళ్ళో కన్నడం. తెలుగు చదవడం రాయడం పెళ్ళయ్యాక మా ఆవిడ దగ్గర నేర్చుకున్నాను, ఆమెది హిందూపురం. కాబట్టి నా అక్షరాల్లో తప్పులుంటే దిద్దుకోండి. ఊళ్ళ పేర్లు మాత్రం దిద్దకండి, అవి సరిగ్గానే రాస్తాను.

ముందు హాసన్ సంగతి. కర్ణాటకలో చన్నరాయపట్నాలు రెండున్నాయి. శ్రవణబెళగొళ ఉండే తాలూకా ఒకటి, అది హాసన్ జిల్లా. రెండోది మాది, దేవనహళ్ళి తాలూకాలో హోబళి కేంద్రం. హోబళి అంటే మీ వైపు పాత ఫిర్కా లాంటిది. ఈ రెండింటి మధ్య నూరు మైళ్ళకు పైగా దారి, ఆ దారి మధ్యలో బెంగళూరంత బెంగళూరు ఉంది. బెంగళూరులోనే అచ్చయ్యే పేపరుకు ఇది దొర్లకూడని తప్పు.

ఇక ఖరాబు. మామూలు మాటల్లో ఖరాబు అంటే చెడిపోయింది. రెవెన్యూ లెక్కల్లో అర్థం అది కాదు. మైసూరు సంస్థానం రోజుల్లో పొలం పొలం కొలిచి, శిస్తు వేయదగిన నేల ఇంత, వేయకూడనిది ఇంత అని విడదీశారు. శిస్తులోంచి తీసేసిన దానికి ఖరాబు అని పేరు పెట్టారు. అందులో మళ్ళీ రెండు రకాలు. 'అ' ఖరాబు అంటే రైతు పొలంలోనే ఉండి సేద్యానికి రాని తునక. బండరాయి కావచ్చు, కళ్ళం కావచ్చు, కొట్టం వేసుకున్న జాగా కావచ్చు. 'బ' ఖరాబు ఊరందరిదీ. బండిబాట, కాలిబాట, వంక, చెరువు, శ్మశానం అందులోకి వస్తాయి. ఇందులో ఖాళీ ఏదో మీరే చెప్పండి. 'బ' ఖరాబు లేకపోతే ఊళ్ళోకి వచ్చే దారుండదు, చచ్చాక పోయే చోటూ ఉండదు.

పైగా ఆ 1,777 ఎకరాల్లో ఎక్కువ భాగం ఖరాబే కాదు. హిడువళి, అంటే రైతుల సొంత హక్కు భూమి. పహణిలో, అంటే మీ అడంగల్ లాంటి కాగితంలో, మనిషి పేరూ పంట పేరూ పక్కపక్కన ఉండే భూమి.

మా గొలుసు 33 అడుగులు, దానికి 16 అణాలు. గొలుసు పొడవు, గొలుసు వెడల్పు ఉన్న చదరం ఒక గుంట. 40 గుంటలు ఎకరం. సెంట్లలో చెప్పాలంటే గుంటకు రెండున్నర సెంట్లు. 1,777 ఎకరాలంటే 71,080 గుంటలు. రెండు గుంటల కోసం అన్నదమ్ములు పదేళ్ళు ఒకరి గడప ఒకరు తొక్కకపోవడం నాకు తెలుసు, ఎవరింట్లోనో కూడా తెలుసు. అలాంటి చోట 71,080 గుంటలు మీ విలేకరి ఒక్క మాటతో ఖాళీ అయిపోయాయి.

నేల ఎట్లా ఉంటుందో చెప్తాను. మాకు ఉత్తరాన నంది కొండలు, 1,478 మీటర్ల ఎత్తు. బెంగళూరు తెలుగువాళ్ళు ఆదివారం తెల్లవారుజామున మంచు చూడ్డానికి కార్లేసుకుని పోయేది అక్కడికే. ఉత్తర పినాకిని, దక్షిణ పినాకిని రెండూ ఆ కొండల వరుసలోనే పుడతాయి. ఉత్తర పెన్న గౌరిబిదనూరు, హిందూపురం మీదుగా అనంతపురం, కడప దాటి నెల్లూరు వైపు పోతుంది. దక్షిణ పెన్న మా తాలూకా గుండా హొసకోటె చెరువుకు పోయి, అక్కణ్ణుంచి కృష్ణగిరి మీదుగా కడలూరు దగ్గర సముద్రంలో పడుతుంది. మాట మాట పెరిగినప్పుడల్లా మా ఆవిడ, "ఒక్క కొండ నీళ్ళే, అయినా నువ్వు అరవ దేశం పోయే రకం" అంటుంది.

నది అని పేరే గానీ మా దగ్గర అది నది కాదు, వాన పడ్డ నాలుగు రోజులు పారే వంక. ఎర్రనేల, పడిన వాన పడినట్టే జారిపోతుంది. అందుకే పెద్దలు దాన్ని నమ్ముకోకుండా చెరువులు కట్టుకున్నారు. పై ఊరి చెరువు నిండి మరవ పోతే, అంటే అలుగు పారితే, ఆ నీళ్ళు కాలువ పట్టుకుని కింది ఊరి చెరువుకొస్తాయి, అది నిండితే దాని కింది ఊరికి. ఆ కాలువను రాజకాలువె అంటాం. గ్రామ పటంలో అది సన్నటి జంట గీత, పక్కన ఇన్ని గుంటలు 'బ' ఖరాబు అని రాసి ఉంటుంది. ఆ జంట గీతను ఒక్క చోట పూడ్చితే కింద ఎన్ని చెరువులకు నీళ్ళు రావో పటం చూసి లెక్కపెట్టొచ్చు. బెంగళూరులో బెళ్ళందూరు, వర్తూరు వైపు అపార్ట్‌మెంట్లలో కారు పార్కింగు మునిగినప్పుడల్లా టీవీ వాళ్ళు రాజకాలువె, రాజకాలువె అని అరుస్తుంటారే, అదే ఇది. మా దగ్గర ఇంకా కాలువగానే ఉంది.

తూము తీసి మళ్ళకు నీళ్ళు వదిలే మనిషిని నీరుగంటి అంటారు. నేను సర్వేలో చేరిన కొత్తలో, సెలవుకు ఊరికి పోయినప్పుడు లెవెల్ యంత్రం కూడా పట్టుకెళ్ళాను, ఊళ్ళో గొప్పకి. ఒక మడి చూపించి, "ఇది ఎత్తు, దీనికి నీళ్ళెక్కవు" అన్నాను. మా నీరుగంటి తాత పార భుజాన వేసుకుని, "నీ గాజుకంటికి తెలీదు నాయనా" అని మూడు చోట్ల మట్టి తీశాడు. నీళ్ళెక్కాయి. తర్వాత పుస్తకం చూసుకుంటే స్టాఫు, అంటే కొలత కర్ర, మీద అంకె నేనే తప్పు చదివాను. ఆయనకు చదువు లేదు, శాఖ లేదు, పింఛనూ రాలేదు.

ఆ చెరువులు ఇప్పుడెట్లా ఉన్నాయని అడిగితే గొప్పగా చెప్పుకోను. 1980ల్లో కూలీలు దొరక్క, రాగి గిట్టుబాటు కాక చాలామంది పొలాల్లో నీలగిరి పెట్టారు. మా నాయన కూడా పెట్టాడు, నేనే పెట్టమన్నాను. దానికి నీళ్ళు పోయక్కర్లేదు, కాపలా అక్కర్లేదు, కొన్నేళ్ళకోసారి లారీ వచ్చి కొట్టుకుపోతుంది. భూమిలో తేమ ఏమైందో తెలిసేసరికి బావులెండిపోయాయి. 2017లో ప్రభుత్వం కొత్తగా నీలగిరి నాటడాన్ని నిషేధించింది. ఎద్దులతో కపిల తోలి నీళ్ళు తోడిన బావుల్లో ఇప్పుడు తుమ్మచెట్లు మొలిచాయి. బోరు వెయ్యి అడుగులు దాటినా నీళ్ళు పడతాయన్న నమ్మకం లేదు. బెంగళూరు హెబ్బాళ, నాగవార లోయల మురుగునీటిని రెండు దశల్లో శుద్ధి చేసి ఇటువైపు చెరువులకు పంపే పథకం వచ్చింది. మా దగ్గరి పాలూ కూరగాయలూ నగరానికి పోతాయి, నగరం స్నానం చేసిన నీళ్ళు మాకొస్తాయి. నీళ్ళు చూసి సంతోషపడాలో, ముక్కు మూసుకోవాలో మా వాళ్ళకు ఇంకా తేలలేదు.

చరిత్ర అంటే మా దగ్గర అందరూ దేవనహళ్ళి కోటనే చూపిస్తారు. టిప్పు పుట్టిన ఊరు, 1749 ముట్టడిలో హైదర్ మొదట పేరు తెచ్చుకున్న చోటు. వాటికి బోర్డులున్నాయి, నేను చెప్పక్కర్లేదు. బోర్డు లేనిది అవతి. ఆ ఊరు మీ పాఠకుల్లో చాలామంది చూసే ఉంటారు, చూశామని తెలియదు అంతే. హైదరాబాదు, అనంతపురం బస్సులు తెల్లవారేసరికి చిక్కబళ్ళాపురం దాటి దేవనహళ్ళి చేరేలోపల తగులుతుంది.

మా అవ్వ చిక్కబళ్ళాపురాన్ని చిన్నబళ్ళాపురమనీ, దొడ్డబళ్ళాపురాన్ని పెద్దబళ్ళాపురమనీ అనేది. ఆమె చెప్పిన కథ ఇది. కంచి సీమలో ఏడుగురు అన్నదమ్ములు సేద్యం చేసుకుని బతికేవాళ్ళు. వాళ్ళింటి ఆడపిల్ల మీద ఒక దొర కన్నేశాడు. ఇవ్వం అంటే ప్రాణాలు పోతాయి, ఇస్తే మానం పోతుంది. రాత్రికి రాత్రి బళ్ళు కట్టుకుని బయల్దేరారు. ఎదురుగా నిండుగా ఏరు, వెనకాల గుర్రాలు. పిల్ల చెవి కమ్మ తీసి నీళ్ళలో వేసి గంగమ్మకు మొక్కితే ఏరు పాయ విడిచింది. బళ్ళు దాటాక మళ్ళీ కలుసుకుంది. అట్లా వచ్చి నంది కొండల తూర్పున దిగి, అవతి కట్టుకున్నారు. పెద్దవాడి పేరు రణభైరేగౌడ. ఏరు సంగతి అవ్వకే వదిలేద్దాం. ఆ వంశం నుంచే దేవనహళ్ళి, చిక్కబళ్ళాపురం, దొడ్డబళ్ళాపురం, యలహంక పాళెగాళ్ళు వచ్చారని గెజెటీర్లూ రాస్తాయి. 1501లో దేవనహళ్ళి కోట కట్టిన మల్లభైరేగౌడ వాళ్ళవాడే. యలహంక శాఖలో పుట్టినవాడే 1537లో బెంగళూరు కట్టిన కెంపేగౌడ. 2022 నవంబరులో విమానాశ్రయం దగ్గర ఆయనకు 108 అడుగుల విగ్రహం పెట్టారు. అక్కడ సెల్ఫీ తీసుకునేవాళ్ళలో పదిమందిని అడగండి, అవతి ఎక్కడుందో.

వీళ్ళు మొరసు వొక్కలు, సేద్యం చేసుకునే కులం, ఈ సీమంతా మొరసునాడు. ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు ఇప్పటికీ చాలా ఉన్నాయి, మాదీ ఒకటి. "మీరు ఎప్పుడు వలస వచ్చారు సార్?" అని మా అపార్ట్‌మెంట్ ఉగాది పార్టీలో ఒకాయన అడిగాడు. ఆరువందల ఏళ్ళయిందని చెబితే జోకనుకున్నాడు. అవ్వ కథలో ఇంపైన భాగమే రాశాను గానీ, ఇంకోటి కూడా ఉంది. పెద్దకూతురికి చెవులు కుట్టే ముందు తల్లి కుడిచేతి వేళ్ళ కొసలు నరికించుకునే ఆచారం మా వాళ్ళలో ఉండేది. ప్రభుత్వం నిషేధించాక ఆగింది. అవ్వ ఆ మాట ఎత్తినప్పుడల్లా తన వేళ్ళు ఒకసారి చూసుకునేది.

మా రికార్డుల్లో ఇంకో మాట ఉంది, బేచరాక్. ఫార్సీలోంచి వచ్చింది. చిరాగ్ అంటే దీపం, బే అంటే లేకపోవడం. దీపం లేని ఊరు. పటంలో పేరుంటుంది, హద్దురాళ్ళుంటాయి, సర్వే నంబర్లుంటాయి, మనుషులుండరు. 1876 నుంచి 78 దాకా పడిన ధాత కరువులో మైసూరు సంస్థానం పది లక్షల దాకా జనాన్ని పోగొట్టుకుంది. తర్వాత ప్లేగు. కొన్ని ఊళ్ళు అట్లా ఆరిపోయాయి. ఉద్యోగంలో ఉండగా ఒక బేచరాక్ ఊరు కొలిచాను. మొండిగోడ కూడా లేదు. ఒక హనుమంతుడి రాయి, పగిలిన రుబ్బురోలు, మూడు ఊళ్ళ హద్దులు కలిసే చోట పాతిన రాయి, అంతే. మధ్యాహ్నం ఆ రోలు పక్కనే కూర్చుని సద్ది తిన్నాం. గొలుసు పట్టే కుర్రాడు మొదటి ముద్ద రోట్లో పెట్టాడు. ఎవరికని నేను అడగలేదు. మనుషులంతా పోయిన ఊరిని కూడా ఆ కాలపు గుమాస్తా ఖాళీ అని రాయలేదు, దీపం లేదని రాశాడు. మీరు దీపాలున్న ఊళ్ళ నేలను ఖాళీ అన్నారు.

హరళూరు, పోలనహళ్ళి, మట్టబార్లు, హ్యాడాల, చీమాచనహళ్ళి, నల్లప్పనహళ్ళి, మల్లేపుర, నల్లూరు. ఇంకా ఉన్నాయి, 13 ఊళ్ళు. మీ కథనంలో ఒక్క పేరూ లేదు.

వీటిలో నల్లూరు ఒక్కటి చాలు. చిన్నప్పుడు అది నల్ల ఊరు అనుకునేవాళ్ళం. తమిళంలో నల్లూరు అంటే మంచి ఊరు. పదకొండో శతాబ్దం మొదట్లో చోళులు గంగ రాజుల సీమ గంగవాడిని గెలుచుకున్నప్పటి నుంచి ఈ సీమలో తమిళ శాసనాలు కనిపిస్తాయి. ఆ పైన కన్నడం, ఇళ్ళలో తెలుగు. అక్కడి చింతతోపు 54 ఎకరాలు, మూడు వందల దాకా చెట్లు. కొన్నిటి బోదె చుట్టూ ముగ్గురు చేతులు పట్టుకున్నా చాలదు. మధ్యలో పాత గుడి, దాని రాళ్ళు చెట్ల వేళ్ళలో ఇరుక్కుని పడి ఉంటాయి. 2007లో ఆ తోపును దేశంలోనే మొట్టమొదటి జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. చిన్నప్పుడు మాకు అవన్నీ తెలీవు. అది దయ్యాల తోపు, పగలు చింతకాయలకు పోవడం, పొద్దు వాలకముందే పరుగెత్తుకు రావడం.

పంట గురించి రాస్తే ఉత్తరం ఆగదు, అయినా రాగి గురించి రాయకుండా ఉండలేను. మా నాయన గొర్రుతో విత్తేటప్పుడు కొన్ని సాళ్ళు రాగి వేసి, మధ్యలో ఒక మిశ్రమ సాలు వేసేవాడు, దాన్ని కన్నడంలో 'అక్కడి' సాలు అంటారు. అందులో అనప, కంది, జొన్న, ఆముదం, వెర్రినువ్వులు, ఆవాలు. వాన ముందే ఆగిపోయి రాగి దెబ్బతిన్నా, అనప మంచుకే పూసి కాస్తుంది. ఒక్క చెక్కలో అన్నం, పప్పు, నూనె, ఎద్దులకు మేత. పుష్యమాసంలో మా ఊరి బస్సెక్కితే అనపకాయ వాసనకు కళ్ళు మూసుకుని ఎక్కడ దిగాలో చెప్పొచ్చు. పితికిపప్పు పులుసు, రాగిసంకటి. కన్నడంలో హితికిద బేళె అంటారు, చిత్తూరు వాళ్ళూ పితికిపప్పు అనే అంటారు. గుంటూరు కుర్రాడికి పెడితే "ఇంత పప్పును ఒక్కొక్కటే పితికారా ఆంటీ?" అని ఆశ్చర్యపోయాడు.

రాగిని పాతరలో దాచేవాళ్ళు. మూతి సన్నగా, లోపల కుండలా తవ్విన గొయ్యి. చుట్టూ గడ్డి పేర్చి రాగి పోసి, పైన బండ పెట్టి మట్టి మెత్తితే ఏళ్ళు గడిచినా పురుగు పట్టదు. తీసేటప్పుడు మూత తెరిచి ఒక పూట గాలి తగలనిచ్చి, తాడు కట్టి దీపం దించేవాళ్ళు. దీపం ఆరిపోతే మనిషి దిగకూడదు. మా ఊరి పాతరలు గుండుతోపు, అంటే ఊరుమ్మడి తోపు, అంచున ఉండేవి. ఆ జాగా పహణిలో ఏమని ఉందో చెప్పనక్కర్లేదు కదా, ఖరాబు. కరువులో ఊరిని బతికించిన తిండి అంతా ఖరాబులోనే ఉండింది.

కళ్ళాలు మాత్రం పోయాయి. ఇప్పుడు మా వాళ్ళు రాగి వెన్నులు కోసి తారురోడ్డు మీద పరుస్తున్నారు. నంది కొండకు పోయే కార్లు వాటి మీదుగా పోతే గింజలు రాలతాయి. చక్రాలు జారతాయని కార్లవాళ్ళు తిడతారు. నిజమే, ప్రమాదమే, నేనూ వద్దంటాను. కాకపోతే, మీ పాఠకులు వారం వారం డబ్బు తీసుకోకుండా మా రాగి నూర్చిపెడుతున్నారని చెప్పాలనిపించింది.

పట్టు సంగతి కొంచెం. మా ఇంట్లో మనుషులకంటే పట్టుపురుగులకే ఎక్కువ చోటుండేది. పురుగు పొర విడిచే ప్రతిసారీ జ్వరమొచ్చింది అంటాం. నాలుగో జ్వరం లేచాక అవి ఆకు తినే చప్పుడు వాన పడుతున్నట్టు ఉంటుంది, రాత్రంతా. చంద్రికలనే వెదురు తట్టలకు ఎక్కించి, గూళ్ళు కట్టాక విజయపురకో శిడ్లఘట్టకో మార్కెట్టుకు. నా చదువు ఫీజులన్నీ ఆ గూళ్ళే. ఇంకా బెంగళూరు బ్లూ ద్రాక్ష, దేవనహళ్ళి చకోత ఉన్నాయి, రెండింటికీ జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు ఉంది. చకోత అంటే మీ పంపరపనసే, మాది కాస్త తీపి.

ఇప్పుడు అసలు వార్త. 2022లో పారిశ్రామిక పార్కు కోసం ఆ 13 ఊళ్ళ భూమికి నోటిఫికేషన్ వచ్చింది. ఆ ఏప్రిల్ 4 నుంచి చన్నరాయపట్నంలో రైతులు దీక్షకు కూర్చున్నారు. 2025 జూలై 15న ముఖ్యమంత్రి సిద్ధరామయ్య భూసేకరణను వదిలేస్తున్నట్టు ప్రకటించేదాకా, 1,198 రోజులు. ఇష్టపడి ఇచ్చేవాళ్ళ దగ్గర తీసుకుంటామని కూడా అన్నారు. ఖాళీ జాగా కోసం 1,198 రోజులు ఎవరు కూర్చుంటారు?

నేను ఆ దీక్షలో కూర్చున్నది నాలుగు రోజులే, గొప్పలు చెప్పుకోను. మా తమ్ముడు ఒక్కరోజూ కూర్చోలేదు. వాడికి అమ్మాలని ఉంది. "నువ్వు పింఛను తీసుకుంటూ యలహంకలో కూర్చుని రాగి గురించి మాట్లాడతావు. బోరెండితే వచ్చి చూస్తావా అన్నా?" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. వాడి కొడుకు ఎయిర్‌పోర్టు టాక్సీ నడుపుతాడు, 2008లో ఆ విమానాశ్రయం వచ్చింది కాబట్టే ఆ ఇల్లు గడుస్తోంది. అమ్ముకునేవాడు అమ్ముకోవచ్చు, ఉంచుకునేవాడు ఉంచుకోవచ్చు. నా పేచీ అమ్మకం మీద కాదు. అమ్మేదైనా, లాక్కునేదైనా, దాన్ని ముందు ఖాళీ అని పిలవడం మీద. రేటు అక్కడే పడిపోతుంది, మనిషి కూడా.

మన తెలుగువాళ్ళకే ఒక మాట. మా అపార్ట్‌మెంట్లో నన్ను చూసినప్పుడల్లా ఎవరో ఒకరు, "సార్, దేవనహళ్ళి సైడు ఖాళీ ల్యాండ్ ఏమన్నా ఉంటే చెప్పండి" అంటారు. సర్వేయరుని కదా, నాకే తెలుసని. కొనండి, తప్పేం లేదు. కొనేముందు లేఅవుటు బ్రోషరు పక్కన పెట్టి గ్రామ పటం, ఆకారబందు (సర్వే నంబరువారీ విస్తీర్ణం, శిస్తు లెక్క), టిప్పణి (పొలం కొలతల చిత్తు పటం) తీయించండి. ఆ జంట గీత మీ సైటులోంచి పోతోందేమో చూసుకోండి. పోతుంటే అది మీకు అమ్మడానికి ఎవరికీ హక్కు లేదు.

ఇంకో చిన్న విషయం, మీ పేపర్లో కనపడలేదు. 2025 జూలై 2న నంది కొండ మీద జరిగిన మంత్రివర్గ సమావేశంలో మా బెంగళూరు గ్రామాంతర జిల్లా పేరును బెంగళూరు ఉత్తర అని మార్చాలని నిర్ణయించారు. 1986లో ఏర్పడ్డప్పటి నుంచి మా చిరునామాలో గ్రామం అన్న మాట ఉండేది. అదే రోజు బాగేపల్లిని భాగ్యనగరం చేయాలని కూడా అనుకున్నారు. పల్లి పోయింది, గ్రామం పోయింది. రేపు ఖాళీ అంటే కాదనడానికి కాగితం మీద ఒక అక్షరమైనా మిగలాలి కదా.

ఉత్తరం పొడుగైంది, తెలుసు. అవ్వ కథ కత్తిరించుకోండి, పట్టుపురుగులు కత్తిరించుకోండి. హాసన్ తప్పు, ఖరాబు అర్థం, ఆ ఎనిమిది ఊళ్ళ పేర్లు మాత్రం ఉంచండి. సవరణ వేస్తే పదకొండో పేజీ మూలన కాకుండా కథనం వచ్చిన చోటే వేయండి.

మీ విలేకరిని పంపుతానంటే నల్లూరు తోపు దగ్గర దిగమనండి. గ్రామ పటం జిరాక్సు నా దగ్గరుంది, గొడుగు పట్టుకుని నిలబడి ఉంటాను. జనవరిలో వస్తే మధ్యాహ్నం మా తమ్ముడింట్లోనే భోజనం, పితికిపప్పు ఉంటుంది. వాడితో కూడా మాట్లాడమనండి, అమ్మాలనుకునేవాడి మాటా రావాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత సర్వేయరు,
యలహంక, బెంగళూరు.

(పేరు అచ్చు వేయవద్దు. ఊళ్ళ పేర్లు వేయమని అడుగుతూ నా పేరు దాచుకోవడం బాగుండదని తెలుసు. తమ్ముడికీ నాకూ మధ్య రెండు గుంటల కేసు ఒకటి నడుస్తోంది, వాయిదా వచ్చే నెల.)